చారలు ఎక్కడ మొదలయ్యాయి?

వదిన వంటగట్టు ఎక్కి నిలబడింది. గడియ పెట్టిన తలుపు ముందు నల్లటి పాము ఒకటి చుట్ట చుట్టుకుని ఉంది. బయట ఆడపడుచు కిటికీ ఊచలు పట్టుకుని తొంగిచూస్తోంది.

“కట్లపామే! నా పని అయిపోయింది.”

“నాకిక్కణ్ణించి సరిగ్గా కనబడట్లేదు. చారలు ఎక్కడ మొదలయ్యాయి వదినా?”

“ఎందుకే, దానికి రవిక కుట్టిస్తావా?”

“చెప్పు తల్లీ! కట్లపాముకైతే మెడ దగ్గర చారలుండవు. తోక వైపే బాగా కనబడతాయి.”

“దీనికి మెడ మీదే ఉన్నాయి. తోక దగ్గర మాసిపోయాయి.”

“అయితే అది బల్లుల్ని తినే పాము. విషముండదు. దిగి తలుపు తియ్యి.”

“నీకెలా తెలుసే?”

“మా హాస్టల్ స్నానాలగదిలో మాకంటే ముందు అదే ఉండేది. కట్లపాము ఎక్కువగా నేల మీదే తిరుగుతుంది. ఇదైతే గోడలు కూడా ఎక్కేస్తుంది.”

“అమ్మో, ఎక్కుతోందే! నా వైపే వస్తోంది!”

“చూశావా, చెప్పలా? ఇంక భయం లేదు.”

“పెళ్లిచూపుల్లోనూ ఇలాగే చెప్పావు, మా అన్నయ్యకి కోపమే రాదని!”

“అది అమ్మ చెప్పమంటే చెప్పాను వదినా. ఇది నేనే చెబుతున్నా. దూకు!”

వదిన కళ్లు గట్టిగా మూసుకుని దూకింది.