తెల్లబడిన మందు

అయ్యా, నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది, తప్పులూ దొర్లుతాయి, మన్నించాలి. స్టేషన్లో నలుగురి ముందు నాకు నోరు పెగలదు. అందుకే రాసిస్తానన్నాను. వయసు డెబ్బై రెండు. దర్జీని. ఆసుపత్రిలో మందు పారబోసిందని మీరు ఓ అమ్మాయిని పట్టుకెళ్లిన కేసులో, ఆ మందు ఎక్కించాల్సిన పిల్ల నా కూతురి కూతురు. ఇంట్లో పిచ్చుక అంటాం. దానికి కండలు కరిగిపోయే జబ్బు.

మంగళవారం ఉదయం పదింటికి మందు కలిపే అమ్మాయి మా పక్క గదిలో రెండు సీసాలు కలిపింది. ఏమిటమ్మా అని అడిగాను.

"పిల్ల ఒంట్లో లేని జన్యువు ఇది తాతగారూ. పొడుగాటి దారం లాంటిది. తనంతట తాను కణంలోకి పోలేదు. ఈ రెండో సీసాలోది పాలిమర్ అని, జిగురు లాంటిది, దాన్ని ఉండ చుట్టి మోసుకెళ్తుంది."

"ఉండలు ఒకదానికొకటి అంటుకుంటే?"

"రక్తంలో అడ్డం పడతాయి. అందుకే గంటలోపు ఎక్కించాలి."

అప్పుడే పెద్ద డాక్టరు గారు అతిథులతో వచ్చారు. సిరంజి పట్టుకొని ఫొటోలు దిగారు. పిచ్చుకను నవ్వమన్నారు. "సూది అయ్యాక నవ్వుతాలే" అంది. అందరూ నవ్వారు. మళ్లీ ఫొటోలు. ఆ అమ్మాయి రెండుసార్లు టైము గుర్తుచేసింది. "నీకన్నీ తొందరే" అన్నారాయన.

పదకొండున్నరకు చూస్తే, నీళ్లలా ఉన్న మందు విరిగిన పాలలా ఉంది.

"సార్, గడ్డకట్టింది. ఎక్కించొద్దు."

"ఊపితే పోతుంది. వాళ్లు చూస్తున్నారు, కానియ్."

ఆమె మందంతా సింకులో పారబోసింది. నేను చెయ్యి పట్టుకొని ఆపబోయాను. ఆగలేదు. కోపంతో చేయలేదయ్యా. తర్వాత చాలాసేపు సింకు పట్టుకొని నిలబడింది.

మధ్యాహ్నం పెద్ద డాక్టరు గారు నా భుజం మీద చెయ్యేశారు. "పెద్దాయనా, కక్షతో పారబోసిందని చెప్పు. ఇంకో డోసు మీ పిల్లకే. లేదంటే వెనక చాలామంది ఉన్నారు."

నాకు మాట రాక తల ఊపాను. ఒప్పుకున్నాననుకున్నారేమో.

నా కూతురూ చెప్పేయమంది. "ఆమెకు ఇంకో ఉద్యోగం దొరుకుతుంది నాన్నా. నాకు ఇంకో పిచ్చుక దొరుకుతుందా?"

పైన రాసింది నా కళ్లతో చూసింది. ఎవరూ చెప్పి రాయించింది కాదు. చెప్పమన్నది రాయలేదు. ఇది రాసినట్టు కూతురికి తెలియదు.

నిన్నటిదాకా పిచ్చుక రెండు చేతులతో గ్లాసు ఎత్తేది. ఇవాళ ఎత్తలేకపోయింది. ఇంకో డోసు ఇప్పిస్తారో లేదో, అది కలపడానికి ఆ అమ్మాయిని ఎప్పుడు వదులుతారో దయచేసి త్వరగా జవాబు రాయండి.

సంతకం
(పిచ్చుక తాత)