గండయ్య జల్లెడ, నా రోకలి

ఓ సృజనా, నీ తమ్ముడు నిఖిల్‌ను గూడ పిల్వు, ఇద్దరు ఇట్ల దగ్గరికొచ్చి కూసోన్రి. గోడకు ఒరగకు, సున్నమంటుతది. రేపు పొద్దుగాల గ్రహణమని టీవీల ఒకటే లొల్లి. గండయ్య బతికుంటే గా టీవీకే పాఠం చెప్తుండె. ఏ గండయ్యనా? సుక్కల గండయ్య, మీ తాతకు తమ్ముని వరుస. పోయి పదేండ్లు దాటె. జీడిమెట్లల ఏదో మందుల కంపెనీకి వాచ్‌మన్, రాత్రి డ్యూటీ. మిగతా వాచ్‌మన్లు కునుకు తీస్తే గీయన మొకం పైకి పెట్టి సుక్కలు సూస్తుండె. అప్పుడు ఇన్ని లైట్లేడియి? గిప్పుడు కొంపల్లి దిక్కు చూడు, ఆకాశం గూడ ఎర్రగనే ఉంటది. ఎవరో ఇంజనీరు పారేసిన పుస్తకం ఏరుకొచ్చుకొని, ఒక్కో అక్షరం కూడబలుక్కొని, ఖగోళ శాస్త్రం నేర్సుకుండు.

ఊరోళ్లు ఊకుంటరా? కమలాబాయి వచ్చి, "గండన్నా, సుక్కలు సూస్తవ్ గద, మా బర్రె పెయ్యదూడను ఈనుతదా, దున్ననా?" అనె. ఆయన ఓపికగ, "అక్కా, నాది జాతకం కాదు. సూర్యుడు ఎంత దూరమున్నడు, చంద్రుడు ఏ తొవ్వల పోతడు, సుక్క ఎందుకు మండుతది, గివి సూసుడు, కొలుసుడు, లెక్క కట్టుడు. గంతే నా సదువు. నీ బర్రె ఆకాశంల లేదు" అన్నడు. మా వాడల పర్వతాలు అనేటాయన వచ్చి బోరు ఏడ ఏయాల్నో చెప్పమనె. "నేను పైకి సూస్తున్న, నువ్వు కిందికి అడుగుతున్నవ్" అని తోలిచ్చిండు. నవ్వకు నిఖిల్, అసలు ముచ్చట ముంగటున్నది.

అప్పటికి సృజన ఇంక పుట్టలే, మీ అమ్మ నాగమణికి ఏడో నెల. దీవాలి తెల్లారి, పొద్దున్నే గ్రహణం. గండయ్య నెల ముందే చెప్పిండు, "వదినె, ఏడున్నర అటిటుగ పడ్తది, పది కాకముందే ఇడుస్తది. చంద్రుడు మనకు సూర్యునికి నడుమ అడ్డమొస్తడు, గంతే. కోడలు పిల్లను ఉపాసముంచకు." నేనింటనా? గ్రహణం మీది అధికారం మా వాడల నాది. ఎట్లంటవా? ఇత్తడి తాంబాళంల పసుపు నీళ్లు పోసి రోకలి నిలబెడ్తుంటి. గ్రహణం పట్టినంత సేపు నిలబడ్తది, ఇడువంగనే పడ్తది, అది మా నమ్మకం. అందరి రోకళ్లు ఊగులాడితే నాది సిపాయి లెక్క నిలబడ్తుండె. ఈ నర్సక్క రోకలి పడితేనే వాడల పొయ్యి ముట్టేది.

కోడల్ని తూర్పు మొకం అర్రల పండవెట్టి తలుపేసిన. కిటికీకి గొంగడి, సందులకు గుడ్డలు. కదలొద్దన్న, కండ్లు ముయ్యమన్న. బయట గండయ్య పిండి జల్లెడ ఎండకు పట్టుకుండు. "సూర్యుని దిక్కు సూడకున్రి, కండ్లు పోతయ్, నేల మీద సూడున్రి" అన్నడు. సూస్తే ఏముంది, ఒక్కొక్క బొక్కకు ఒక్కొక్క కొరికిన సూర్యుడు! నేల నిండ కొడవండ్లు పరిసినట్టున్నది. గంతల లోపల్నుంచి మీ అమ్మ, "అత్తమ్మా, సూర్యుడు సగం పోయిండే!" అనె. "కండ్లు మూసుకోమంటి గద, నీకెట్ల కానొచ్చిందే?" "నేను సూస్తలేను, గోడ మీదికి ఆయనే వచ్చిండు." తలుపుకు మేకు ఊడిన బొక్క ఒకటి మరిచిపోయిన. దాంట్ల నుంచి రూపాయి బిళ్లంత సూర్యుడు లోపల గోడ మీద పడ్డడు. చీకటింట్ల ఇంకింత సాఫ్ కానొస్తదట. సూడొద్దని నేను దాచిన పిల్లనే ఊరందరికంటే మంచిగ సూసింది!

పది కావచ్చె. గోడ మీది బిళ్ల కిందికి జారి మంచం కోడు కాడికొచ్చిందట. "నిండుగైండు చిన్నమామా!" అని అరిచె మీ అమ్మ. "నాది గూడ నిండింది బిడ్డా, ఇడిసింది!" అన్నడు గండయ్య. అయితే నా రోకలి పడాలె గద! పడది. పదింబావాయె, పదిన్నరాయె. ఎండ సుర్రుమంటాంది. పర్వతాలు, "నర్సక్కా, గిది గ్రహణపు ఎండనా, మామూలు ఎండనా?" అంటడు. కమలాబాయి, "రోకలి పడంది నేను పొయ్యి ముట్టియ్య" అని కూసున్నది. లోపల మీ అమ్మ, "అత్తమ్మా, కండ్లు తిరుగుతున్నయే, పొట్టల పిల్ల తంతాందే." బువ్వ పెడ్దామనే ఉన్నది, కానీ ఇంతమంది ముంగట నా రోకలి తప్పని ఎట్లంట? గండయ్య వంగి సూసి మెల్లగ, "వదినె, కొత్త పొన్ను ఏయించినవా?" అన్నడు. పోయిన వారమే కమ్మరోనితోని రోకలి కింద కొత్త ఇనుప పొన్ను ఏయిస్తి. అడుగు పలక లెక్క సాపున్నది. "గిది ఉగాది దాక నిలబడ్తది వదినె."

అప్పుడు నేనేం జేసిన్నో ఇన్నొద్దులు ఎవ్వరికి చెప్పలే. "గండయ్యా, ఆ జల్లెడ ఇంకొక్కసారి అందరికి సూపియ్యి" అన్న. అందరు నేల మీదికి వంగిన్రు. నేను కాలి బొటనేలుతోని గట్లనే... ధన్‌మని పడ్డది. "ఇడిసిందో!" అని కమలాబాయి ఇంటికి ఉరికె. నేను తలుపు తీసి మీ అమ్మకు బువ్వ పెట్టిన. గండయ్య జల్లెడ దులుపుకుంట వచ్చి, "వదినె, నీ రోకలి, నా లెక్క ఒక్కటే అయినయ్" అని అందరు ఇనేటట్టు అన్నడు. పోంగ పోంగ నా చెవుల, "కాలు కడుక్కో, ఏలుకు పసుపున్నది" అన్నడు. సచ్చేదాక ఎవ్వరికి చెప్పలే మహానుభావుడు.

రేపు నేను రోకలి తియ్యను. జల్లెడ కడిగి పెట్టిన, ఇద్దరు నేల మీద సూడున్రి. మీ అమ్మకు మాత్రం ఈ ముచ్చట చెప్పకున్రి. ఆమె లోపలనే ఉండె, ఆమెకేం ఎరుక... అయినా, గా తలుపుకు బొక్కుండె గద. ఏమో.

లేవున్రి ఇగ. పిలుస్తాంది మీ అమ్మ, బువ్వ సల్లగైతది, పోన్రి.