నలభై మూడు వేల లైన్లు, ఒక్క తప్పు లేదు

ఏ పని అప్పజెప్పినా "అరగంట పని" అంటాడు కాబట్టి ఆఫీసులో అతనికి అరగంట అనే పేరే స్థిరపడిపోయింది. ఫోనెత్తని ఆ మహానుభావుడి కోసం టెస్టింగ్ మేడమ్ రెండు కిలోమీటర్లు నడిచి టీకొట్టుకి వచ్చేసరికి, అతను బెంచీ మధ్యలో కూర్చుని టీకొట్టు బాబాయికీ, పక్కనున్న బస్సు డ్రైవరుకీ తన ఘనకార్యం చెబుతున్నాడు.

కడిగేద్దామని నోరు తెరిచి ఆగిందామె. నిన్న అతని మాట నమ్మి "తప్పులు సున్నా" అన్న కాగితం మీద సంతకం పెట్టింది తనే. ఏం వెలగబెట్టాడో ముందు అతని నోటే వినాలి.

"సిగ్నల్ లైట్లు నడిపే కోడ్ ఉందే, బాబాయ్, అది పాతికేళ్ళ కిందట ఓ పెద్దాయన రాసింది. అందరి భాషలో రాస్తే ఆయన గొప్పేముంది? సొంత యాస కలిపాడు. కోడ్ చదివి ఏ మాటకి ఏది అర్థమో తేల్చేదాన్ని పార్సర్ అంటార్లే. కొత్త పార్సర్‌కి ఆ యాస నేర్పమని నన్ను బతిమాలారు. నాలుగు మాటలు మార్చా."

"అంతేనా?" అన్నాడు బాబాయి.

ఆ చప్పరింపు అరగంటకి నచ్చలేదు. "అంతేనా అంటావేంటి? నాలుగు మాటలు మార్చాలంటే నలభై మూడు వేల లైన్లు చదవొద్దూ? గుక్క తిప్పుకోకుండా చదివా. రెండు కీబోర్డులు, చేతికొకటి! నా వేగం అందుకోలేక స్క్రీను పది నిమిషాలు వెనకబడింది. నేనొచ్చి నీ దగ్గర టీ తాగి వెళ్ళినా అక్షరాలింకా వస్తూనే ఉన్నాయి."

"అక్షరాలా?" అన్నాడు డ్రైవరు.

"అక్షరాలా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? పార్సర్‌కి తెలివి ముదిరింది. మా మేనేజర్ మెయిల్ ఒకటి పొరపాటున దాన్లో పడితే, 'ఇందులో విషయం లేదు' అని తిప్పికొట్టింది! మాకు మూడేళ్ళు పట్టింది, ఆ సంగతి తేల్చుకోడానికి."

మేడమ్‌కి నవ్వొచ్చింది. బలవంతంగా మింగేసింది.

"అది సరే, అసలు భాష కనిపెట్టినవాళ్ళు సముద్రాల అవతల్నించి ఫోన్ చేసి, 'అయ్యా, ఇకమీదట మీదే భాష, మాది యాస' అని ఒకటే ఏడుపు. నేనే ఓదార్చా. చివరికి టెస్టులో, అదిగో మేడమే ఉన్నారు, అడగండి, ఒక్క తప్పంటే ఒక్క తప్పు రాలేదు!"

"నిజమే, రాలేదు," అందామె. "ఒక్క చిన్న అనుమానం. లైను మొదట్లో హాష్ గుర్తు, అదే ఈ #, ఉంటే మీ పార్సర్ ఏం చేస్తుంది?"

"వదిలేస్తుంది. అది మనుషుల కోసం రాసుకున్న మాట కదా మేడమ్, మెషీన్‌కెందుకు?"

"మామూలు భాషలో అంతే. ఆ పెద్దాయన యాసలో హాష్ నాలుగు అంటే నాలుగో సిగ్నల్. ఆయన లైన్లు దాదాపు అన్నీ హాష్‌తోనే మొదలవుతాయి."

అరగంట చేతిలో గ్లాసు మూతిదాకా వెళ్ళి ఆగిపోయింది. "అన్నీ వదిలేసిందా?"

"చదవనిదాన్లో తప్పులెలా వస్తాయండీ? హాష్ లేని మొదటి లైను ఒక్కటే చదివింది. 'ముందు అన్నిటికీ ఎర్రదీపం పెట్టు' అని. పొద్దున్న ఏడు గంటలకి పెట్టేసింది. ఊరంతా."

డ్రైవరు మెల్లగా లేచాడు. "అయితే గంటన్నరగా నా బస్సు కదలనిది తమరి దయేనన్నమాట."

మేడమ్ బెంచీ తుడిచి లాప్‌టాప్ అతని ముందు పెట్టింది. "కానివ్వండి. నా ఉద్యోగం పోకముందే సరిచెయ్యండి."

రెండు కీబోర్డుల వీరుడు ఒక్క వేలితో వెతుక్కుంటూ కొట్టాడు. ఈసారి ఆమె ఒక్కో లైనూ తన కళ్ళతో చూసుకున్నాకే పంపనిచ్చింది. కాసేపటికి వీధి చివర ఆకుపచ్చ దీపం వెలిగింది, హారన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. అప్పుడుగానీ ఆమె బెంచీ మీద కూర్చోలేదు.

అరగంట చల్లారిన టీ ఒక గుటక వేసి, గొంతు సవరించుకున్నాడు.

"అన్నీ సరేగానీ మేడమ్, పొద్దుట్నించీ ఊళ్ళో ఒక్క యాక్సిడెంటైనా అయిందేమో కనుక్కోండి!"