డప్పులు ఆగిన వేట

పులిని తోలుకొచ్చే డప్పులు ఉన్నట్టుండి ఆగిపోయాయి. మంచె మీద తుపాకీతో కూర్చున్న రాజు, పక్కనున్న సేవకుడి వైపు తిరిగాడు.

“డప్పులు ఆపేశారేంరా?”

“చేతులు పడిపోయుంటాయి ప్రభూ. కోతల మధ్యలోంచి లాక్కొచ్చాం కదా.”

“వెట్టి వాళ్లకేమన్నా కొత్తా?”

“కొత్తేం కాదు. పంట తినే అడవిపందిని కొడితే జైలన్నారు. పోయిన వేటలో మా అన్నని పులి చంపితే, మీరు ఆ పులితో ఫోటో దిగారు.”

“నోరు బాగా లేస్తోందే! అదిగో, పొదలు కదులుతున్నాయి. పులేనా?”

“జనం ప్రభూ.”

“అన్ని వైపులా ఉన్నారేంరా! చప్పుడే లేదు!”

“చుట్టుముట్టడం మీరు నేర్పిందే.”

“మరి పులేదీ?”

“జనం పొద్దున్నే దానికి దారి వదిలేశారు. దేవుడు చేసిన నోరులేని జీవం, దానికేం తెలుసు పాపం అన్నారు.”