ఇరవై మూడు మేకుల గోడ

ఆ సుత్తి ఇలా ఇవ్వవోయ్! నీ టీకొట్టుకి కొత్తగా సున్నం వేయించావు, ఈ గోడ బోడిగుండులా మెరుస్తోంది, దీనిమీద నాలుగు పాతకాలం బొమ్మలు పెట్టించాలని నీకు బుద్ధి పుట్టింది. బాగుంది. కానీ ఆ పని బోర్డులు రాసే పెయింటర్‌కి ఇస్తానంటావా, నేను బతికుండగా? రోజుకి మూడొందలమంది ఈ గోడకేసి చూస్తూ టీ తాగుతారు. ఆ చూపులు నా పనితనం మీద పడాలిగానీ, "హోటల్" అని రాయమంటే "హాటల్" అని రాసినవాడి మీద పడతాయా?

"ఇంకా ఎవరికీ ఇవ్వలేదు బాబాయ్," అన్నాడు టీకొట్టతను పాలు కలుపుతూ. "మీ ఇంటి గోడ సంగతి చెప్పు. విని సుత్తిస్తా."

గోడ అవతల గదిలో వాళ్ళమ్మ దగ్గింది. పాపం ఆవిడకీ వినాలనుంటుందని నేను గొంతు పెంచాను. బల్లమీద ఇద్దరే ఉన్నారు. సంచీ ఒళ్ళో పెట్టుకున్న పోస్ట్‌మాన్ ఒకడు, మా పక్కవాటాలోకి ఈమధ్యే దిగిన దర్జీ ఒకడు. దర్జీ ఎవరిదో చొక్కాకి గుండీలు కుడుతున్నాడు.

మా బావమరిది ఉన్నాడే, వాడు కొత్తింటికి ఒక బొమ్మ కొన్నాడు. గేదె తోక ముంచి విదిలించినట్టు నాలుగు రంగులు, దానిమీదకో లైటు. వచ్చినవాళ్ళందరికీ దాని ధర చెప్తాడు, అదేం బొమ్మో మాత్రం చెప్పలేడు. ఛీ! డబ్బుతో గోడ నింపడం కూడా ఒక పనేనట్రా అని వాడి ముఖం మీదే అనేసి, తిన్నగా పాత కాగితాల కొట్టుకెళ్ళాను. అట్టలూడిన పుస్తకాలు తూకానికి అమ్ముతున్నాడు. ఆ గుట్టలో మోచేతిదాకా చెయ్యి పెట్టాను. ఓడ, గుడ్లగూబ, వేళ్ళతో సహా గీసిన మొక్కలు, ఇప్పుడు లేని దేశాల పటాలు! అంచులు టీ రంగుకి తిరిగిపోయి ఉన్నాయి. ఇరవై మూడు ఏరాను. మొత్తం కలిపి మనం ఈ పూట తాగే టీల ఖరీదు కాలేదు. విరిగిన ఫ్రేములూ వదులైన ఫ్రేములూ పోగేసి అన్నిటికీ ఒకే నల్లరంగు పూశాను. అన్నదమ్ముల్లా కలిసిపోయాయి. అసలు అన్నదమ్ములైనా అంత కలవరు.

"మరి తగిలించడం?" అన్నాడు పోస్ట్‌మాన్.

అక్కడికే వస్తున్నా. లోకంలో మొనగాళ్ళేం చేస్తారో తెలుసా? ఫ్రేము సైజుకి పేపరు కత్తిరిస్తారట, దాన్ని గోడకి అంటిస్తారట, దూరంగా నిలబడి చూస్తారట, మళ్ళీ జరుపుతారట, అప్పుడు మేకు కొడతారట! కాగితాలు కత్తిరించుకుంటూ కూచోడానికి నేనేమన్నా దర్జీనా? ఏమయ్యా, తప్పుగా అన్నానా?

దర్జీ తలెత్తలేదు. "మాకది అలవాటు తాతగారూ. కత్తెర పడ్డాక గుడ్డ అతకదు కదా."

చూశారా, పిరికితనం! నాకు కన్నే కొలత. ఆరంగుళాల మేకులు తెచ్చాను. చిన్న మేకులు చిన్న మనుషులకి. మేకుకి ఒక్కటే దెబ్బ. వెన్నలో వేలు దిగినట్టు దిగింది, తల మాత్రం మిగిలింది. మేస్త్రీ వచ్చి రసమట్టం పెట్టి చూశాడు. బుడగ నడిమధ్యకొచ్చి నమస్కారం పెట్టినట్టు ఆగిపోయింది. ఇప్పటికీ ఆ రసమట్టం ఏ ఊళ్ళో పెట్టినా బుడగ మా ఇంటివైపే పోతుందని మేస్త్రీ ఒకటే ఏడుపు.

గుడ్లగూబని తగిలించానా, మర్నాటికి ఇంట్లో ఎలకల్లేవు. మిగిలిన ఒక్క ఎలకా పెళ్ళాం పిల్లల్తో, సామాను సర్దుకుని వీధి దాటడం మా ఆవిడ కళ్ళారా చూసింది.

"ఎలక్కి సామానా?" అన్నాడు టీకొట్టతను.

చిన్న మూటేలే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఓ మధ్యాహ్నం కిటికీ తీస్తే గాలొచ్చి బొమ్మలో ఓడ తెరచాపకి తగిలింది. చూస్తుండగానే ఓడ ఫ్రేములో ఈ చివర్నించి ఆ చివరికి పోయింది. కిందంతా నీళ్ళు. మా ఆవిడ గుడ్డతో తుడిచి, వేలు నాలిక్కి రాసుకుని "ఏవండోయ్, ఉప్పు!" అంది.

ఆ కబురు ఎవరు మోశారో, మ్యూజియంవాళ్ళు క్రేనుతో సహా దిగారు. గోడని నిలువునా కోసుకుపోతామన్నారు. గోడ పోతే కప్పు దేనిమీద నిలబడుతుందోయ్ అన్నాను. అయితే మీ ఇంటిచుట్టూ మ్యూజియం కట్టేస్తామన్నారు! కొలుద్దామని టేపు తీసి, తెల్లబోయి నిలబడ్డారు. ఎందుకనుకున్నారు? నా గోడని చూడాలని వీధిలో ఇళ్ళన్నీ మా కిటికీవైపు జానెడు ఒరిగి ఉన్నాయి! ఎదురింటి మేడకి మా ప్రహరీగోడ అడ్డొచ్చిందేమో, మునివేళ్ళ మీద లేచింది!

పోస్ట్‌మాన్ సంచీ జారి ఉత్తరాలన్నీ నేలపాలయ్యాయి. టీకొట్టతను నవ్వుతూనే సుత్తి నా చేతిలో పెట్టాడు. గోడ నాది! జేబులోంచి ఆరంగుళాల మేకు తీసి, గోడకి ఆనించి, చెయ్యెత్తాను.

"తాతగారూ, ఒక్క మాట." దర్జీ పంటితో దారం తెంపాడు. "మీ గోడ నేను చూడలేదుగానీ, దాని వీపు రోజూ చూస్తాను."

"వీపేమిటోయ్?"

"మన రెండు వాటాలకీ మధ్య ఒకటే గోడ. అది నాలుగంగుళాలు. మీ మేకులు ఆరంగుళాలు. మీరు దెబ్బ వేసినప్పుడల్లా మా వైపు ఒక మొన మొలిచింది. రెండుసార్లొచ్చి తలుపు తట్టాను, ఆ చప్పుడులో మీకు వినపళ్ళేదు. తర్వాత నాకే తోచింది, కొక్కేలు కొనే పని తప్పింది కదా అని. కుట్టిన చొక్కాలన్నీ వాటికే తగిలిస్తున్నాను."

"ఎన్ని?" అన్నాడు పోస్ట్‌మాన్, ఉత్తరాలు ఏరడం మానేసి.

"ఇరవై మూడూ వచ్చాయి. ఒకటి నా మోకాలి దగ్గర, ఒకటి దూలం కింద. మీ ఓడ సంగతి నాకు తెలీదుగానీ, వరస మాత్రం తుఫాన్లో ఉంది."

"మరి చూశారా!" అన్నాను, చెయ్యి దించకుండానే. "ఒక్క దెబ్బకి రెండిళ్ళు సర్దాను! ఇంకెవడివల్లవుతుంది?"

టీకొట్టతను పొయ్యి తగ్గించి, ఇవతలికొచ్చి, నా వేళ్ళు ఒక్కొక్కటే విప్పి సుత్తి తీసుకున్నాడు.

"ఈ గోడ అవతల మా అమ్మ మంచం బాబాయ్. తల ఇటువైపే పెట్టుకుంటుంది."

పాత పేపరొకటీ కత్తెరా తెచ్చి దర్జీ ముందు పెట్టాడు. నేను గ్లాసు అందుకున్నాను. టీ చల్లారిపోయింది. గోడ అవతల ఇందాకట్నుంచీ దగ్గు లేదు.

"అబ్బాయ్," అంది లోపల్నించి ముసలావిడ, "సుత్తి తీసుకున్నావా? నేనింక పడుకోవచ్చా?"