ముందు మీరు, బావగారూ

తప్పులుంటే మన్నించాలి. మనవరాలి పలక మీద అక్షరాలు దిద్దుకున్నదాన్ని నేను. ఒత్తులు జారిపోతాయి, చెయ్యి నెమ్మది. ఏళ్ళ కిందట ఫోన్లో కాసేపట్లో మాట్లాడేసిన ఈ మాటలు రాయడానికి వేసవంతా పట్టింది. ఆ రోజు ఎలా అన్నానో అలాగే రాశాను. అవతల వదినగారు అన్నవి రాయలేదు. అవి ఆవిడవి.

హలో… ఆ, నానే. పైడితల్లినే… ఎవులూ?… ఓలమ్మ, ఆదిలక్ష్మమ్మ వదినా! "మీ వియ్యపురాలి ఫోను" అని గవర్రాజుగారు కొట్లోంచి కేకేస్తే మెట్లు దిగి పరిగెత్తుకొచ్చీసినాను. ఆయాసం… ఆఁ, బాగున్నాం. మీరందరూ?… మా తాయారు బాగుందా?

…

ఏటి?… ఇయ్యాలే?

… పెట్టె సర్దీసిందా. ఎవులు సర్దమన్నారు?… మీరే.

… ఒక్క నిమిషం వదినా — బాబూ, మీరు కాస్త నెమ్మదిగా మాటాడుకోండి, ఫోన్లో ఉన్నాను — ఆ, సెప్పండి. ఇక్కడ బియ్యం బస్తాల మీద కూసుని వన్ టౌనంతా నిన్నటి ఆటే తిరగేస్తన్నారు. మీ గంగాధరరావూ మా అర్జునరావూ కలిసి షటిల్ బేట్లు పట్టుకుని దిగితే మూడేళ్ళు ఎవులూ ఎదర నిలబడనేదు. అలాంటి జోడీ మీసాలు రాని అనకాపల్లి కుర్రాళ్ళకి ఓడిపోడం ఎవులికీ మింగుడు పడ్డం నేదు.

… ఏటన్నారు?… మల్లీ అనండి.

… తాయారు అడుగెట్టిన ఏళ. ఊఁ… కోడలొచ్చి నెల తిరక్కుండా కప్పు పోయింది. ఊఁ.

… ఆ మాట మా గుంట తాయారు ఎదరే అన్నారా?… నిన్నటి నుంచీ తిన్నేదా.

నేదు వదినా, కోపం తెచ్చుకోడం నేదు. మొగుడు పోయినదాన్ని, ఆడపిల్ల తల్లిని, నాకు కోపమెక్కడిది. ఒక్కటే అడుగుతాను. మద్రాసు పోటీ అయ్యేవరకు దాన్ని పుట్టింట్లో ఉంచమంటన్నారు. బాగానే ఉంది. మద్రాసులో గెలిస్తే, అది మీ ఇంట్లో నేదు గనక గెలిసినట్టు. ఓడిపోతే, మీ గుమ్మం తొక్కి ఎల్లింది గనక ఓడినట్టు. మరింక అది మీ ఇంటికి ఎప్పుడు రావాల?

… అల్లా అనుకోనేదా. ఆఁ.

మీరొక్కరే కాదులెండి, ఇక్కడా తలో మాటా సెప్తన్నారు. రమణమూర్తిగారు కాక్ మంచిది కాదంటారు, ఈకలెండిపోయి గాలిలో తేలిపోనాదంట. తవిటయ్యయితే అంపైరుది అనకాపల్లి, ఆ కుర్రాళ్ళదీ అనకాపల్లి అని పొద్దున్నించీ పోరు. అంపైరుది తుని అని గవర్రాజుగారు. ఇద్దరికీ మాటల్లేవిప్పుడు… నవ్వకండి వదినా. ఓడింది మీ కొడుకూ నా కొడుకూ అయితే, కొట్లాట ఆళ్ళిద్దరికీ.

… అర్జునుడా? ఇక్కడే ఉన్నాడు. బస్తాల ఎనకాల గోడకి మొకం పెట్టి కూసున్నాడు. ఎవులేటడిగినా పలకడు.

… నాకు ఆట తెల్దు వదినా. బేటు ఏ సేత్తో పట్టాలో కూడా తెల్దు. క్లబ్బు హాల్లో ఆడోళ్ళ బల్ల మీద సివర కూసుంటాను. నిన్న మీరూ నా పక్కనే ఉన్నారు గదా. ఆట జరుగుతన్నంతసేపూ మీకేటి ఇనపడింది?… ఆలోచించి సెప్పండి… ఏటీ ఇనపడనేదా.

అదే. అదే నాను సెప్తన్నాది. నిన్న మనోళ్ళ గొంతే నేదు.

పాతాటలు గేపకం తెచ్చుకోండి. "ఒరే గంగా, నాదిరా, ఒగ్గేయ్!" అని మావోడు. "ముందుకి సావరా అర్జునా!" అని మీవోడు. "కళ్ళెక్కడెట్టావురా గాడిదా!"… ఆ గాడిద మాట మీ అబ్బాయిదే వదినా, మావోడికి నోరు తిరగదు. ఆ తిట్లు ఇనడానికే పోర్టు కళాసీలు డూటీ దిగి సైకిళ్ళేసుకుని వచ్చీవోరు. తిట్టుకుంటా తిట్టుకుంటానే, ఒక్క కాక్ కింద పడనిచ్చీవోరు కాదు.

మరి నిన్న? ఆఖరి పాయింటు… కాక్ ఇద్దరి మద్దెనా దిగింది. మెల్లిగా, పావురం ఈక రాలినట్టు దిగింది. మావోడు ఒకడుగేసి ఆగిపోనాడు. "మీరు కానీండి బావగారూ" అని గొణిగినాడు. మీవోడూ ఆగిపోయి, "పర్లేదు, ముందు మీరు బావగారూ" అన్నాడు.

… నా సెవులారా ఇన్నాను వదినా. మన బల్లకి దగ్గిరే గదా ఆ మూల. అది నేల మీద పడీసరికి ఇద్దరూ ఒంగుని దాన్నే సూస్తన్నారు. పంక్తిలో ఆఖరి బూరె ఎవులు తీసుకోవాలా అన్నట్టు.

…

ఆ. పెళ్ళి పంక్తే. నానూ మరిసిపోనేదు. మావోడు గారెలు వడ్డిస్తా "ఒరే గంగా, ఇంకోటి ఏయించుకోరా" అన్నాడు. మీ తమ్ముడు శ్రీరామ్మూర్తిగారు ఇస్తరి ముందు నుంచి లేసీసినారు. పెళ్ళికొడుకుని ఒరే అంటారా, ఇదేం సమ్మందం అనీసి. ఆరు పెద్దోరు, మేనమామ. తప్పన్ను. అల్లుడు అల్లుడే. ఆరోజు మీరు మావోడి సేత ఒట్టేయించుకున్నారు. పసుపుబట్టల్లో ఉన్న సెల్లి నెత్తి మీద సెయ్యేసి, ఇక ఈ జన్మకి గారు నేకుండా పిలవనన్నాడు. మీ తమ్ముడేమో గంగాధరరావు సేతా అదే మాట అనిపించినారు.

ఆడు పడిన అవస్థ మీకు తెల్దు. అలవాటు కోసమని అద్దం ముందు నిలబడి "బావగారూ, బావగారూ" అనుకునీవోడు. నా మాట అనుకోండి. ఆ గంగడు నా సేతి సద్దన్నం తిని పెరిగినోడు. వస్తే తిన్నగా వంటింట్లోకొచ్చి కుండ మూత తీసీవోడు. ఇప్పుడు అల్లుడుగారని వీధిగదిలో కుర్చీ ఏస్తన్నాను. ఆయనేమో కాఫీ గ్లాసు అంచునట్టుకుని తాగి, ఎల్లొస్తానండీ అంటన్నారు. ఇంటికి అల్లుడొచ్చినాడు గానీ, గంగడు ఎల్లిపోనాడు వదినా.

… ఒరే అననీయాల్సింది అంటన్నారా మీరూ?… ఇప్పుడు అనమన్నా ఆడు అనడు. నిన్న నోటి దాకా వచ్చీసింది, నాను సూసినాను, పెదవి కదిలింది. ఒట్టు తప్పితే సెల్లికేదో అవుతాదని ఆడి బయం. ఆ గుంట కోసవే నోరు కట్టుకున్నాడు. మీరు ఆ గుంటనే పెట్టె సర్దుకోమన్నారు.

…

హలో?… ఉన్నారా?

… ఏడవకండి. కొడుకు ఓడిపోతే కడుపు మండదా. నాకూ మండింది. నిన్న నానూ పొయ్యి ఎలిగించనేదు. కానీ ఆ మంట తీసికెల్లి గుంట పాదాల మీద పెట్టకండి. దాని పాదాలు సిన్నవి వదినా.

… ఏటి సెయ్యాలంటే, ఏయించుకున్నోరే తియ్యాలి. మన పెద్దోళ్ళు సెప్పిందే గదా. "ఒట్టు తీసి గట్టు మీద పెట్టీసేను" అని మీ నోటితో మీరు ఒక్కసారి అనండి… అంతా అడగటం నేదు. ఇంట్లో బావగారే. పందిట్లో బావగారే. మీ తమ్ముడు ఎదర ఉంటే ఇంకో గారు కూడా తగిలించమంటాను. ఆ హాల్లో తెల్ల గీతల లోపల మాత్రం ఒరే అనుకోనియ్యండి ఆళ్ళని.

… నలుగురూ ఏటనుకుంటారా? అనుకోవలసిందంతా నిన్ననే అనీసుకున్నారు వదినా. ఇక్కడ బస్తాల మీద ఇంకా అంటన్నారు.

… శ్రీరామ్మూర్తిగారికి నాను సెప్పుకుంటాను. కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను.

… నాను రాను. దాన్ని తీసికెల్లడానికి రాను. పెట్టెలో బట్టలు తిరిగి తీయించండి, గుంటకి ఓ ముద్ద పెట్టండి. ఈ ఆదివారం ఆళ్ళని ఆడనియ్యండి. మనిద్దరం అదే బల్ల మీద కూసుందాం. మీ సెవుల్తో మీరు ఇనండి. అప్పుడు కూడా పాదవే అంటే, నానే వచ్చి తీసుకొచ్చీసుకుంటాను. నా మాటిది.

…

…

అల్లుడుగారు అక్కడే ఉన్నారా?… మీరే సెప్పండి ఆయనకి. నాను సెప్తే సెల్లదు. అమ్మ సెప్తే సెల్లుతాది. ఫోను పక్కనెట్టి సెప్పండి, నాను ఉంటాను.

— ఆగు తవిటయ్యా, అయిపోలేదు. ఎవులిదో ఏ ఊరో తరవాత తేల్చుకుందురు —

… ఆ, వదినా… అనీసినారా? గట్టు మీద పెట్టీసినారా?… తాయారు నెత్తి మీద సెయ్యెట్టే అన్నారా.

… ఏటీ నేదు. కళ్ళల్లో ఊక పడింది. బియ్యం కొట్టు గదా.

… ఇవ్వండి ఆయనకి.

హలో… బాబూ, అల్లుడుగారూ. అవును, మీ అమ్మగారు ఒప్పుకున్నారు… ఎటకారం కాదు బాబూ, నిజవే… సిగ్గేటి? మూడేళ్ళు ఊరంతా ఇన్నదే గదా… నాకొద్దు, ఆడికే అనండి. ఆడు పలకడు, మీరు కేకేస్తే ఆడే వస్తాడు. ఫోను అటు తిప్పుతాను… గట్టిగా… ఇంకా గట్టిగా, ఇక్కడ గోలగా ఉంది.

…

ఆఁ. ఇనపడింది. కొట్టంతా ఇనపడింది. గవర్రాజుగారు తూకం ఆపీసినారు… ఆ నవ్వెవులిది, తాయారుదా?

ఒరే అర్జునా, లే. ఇలా రా. ఫోను పట్టుకో… ఎవులేటి? మీ బావగారే. గాడిదా అని పిలస్తన్నాడు.

— పైడితల్లి, యాభై ఎనిమిదేళ్ళు. ఇప్పుడు ఉంటున్నది మల్కాపురంలో, కూతురూ అల్లుళ్ళ ఇంట్లో.