మ్యాపు చూపని ఎనభై ఆరు మెట్లు

పందొమ్మిది వందల తొంభై రెండు జూన్ పదిహేనవ తేదీ సోమవారం ఉదయం, ఒక చేత నియామక పత్రమూ మరొక చేత సొంత స్కేలూ పట్టుకొని నగర రవాణా విభాగంలో సహాయకురాలిగా చేరిన మా ప్రధాన ప్రణాళికాధికారిణి గారు, ముప్పై మూడేళ్ల నిర్విరామ సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఆ స్కేలు పుణ్యమా అని తొలి వారంలోనే వారికి ‘స్కేలు మేడం’ అనే బిరుదు దక్కింది. బిరుదు ప్రదానం చేసినవారంతా ముందే రిటైరైపోయారు కనుక, ఇప్పుడు కోప్పడదామన్నా వారికి ఎవరూ దొరకరు.

మొదటి ఎనిమిదేళ్లు వారు ఎండనక వాననక కూడళ్లలో నిలబడి వాహనాలను లెక్కించారు. అనంతరం బస్సు మార్గాలన్నిటినీ కొత్తగా రూపొందించే బృహత్కార్యం వారి భుజాన పడింది. అప్పట్లో ఏ బస్సెక్కినా రైల్వే స్టేషనుకే చేరేది. పక్క పేటకు పోవాలన్నా స్టేషను దర్శనం తప్పేది కాదు. నాలుగేళ్లు శ్రమించి, ఊరి నాలుగు మూలలనూ నేరుగా కలిపే ఏడు మార్గాలను వారు సిద్ధం చేశారు.

నగర సభలో ఓటింగుకు ముందురోజు ప్రయోగాత్మకంగా బస్సులు నడిపారు. సాయంత్రం మేడం గారు ఇల్లు చేరేసరికి, ఆ బస్సులోనే ఆస్పత్రికి వెళ్లొచ్చిన అత్తగారు సోఫాలో కాళ్లు చాపుకొని కోడలి కోసమే కాచుకొని ఉన్నారు.

“ఏమ్మా, స్టాపు నుంచి ఆస్పత్రికి రెండు నిమిషాల నడకన్నావు?”

“అవునత్తయ్యా, నూట అరవై మీటర్లే. నేనే కొలిచాను.”

“కొలిచావులే! ఎనభై ఆరు మెట్లున్నాయి. ఒక్కోటీ లెక్కపెట్టుకుంటూ ఎక్కాను. మీ మ్యాపుల్లో మెట్లు వెయ్యరా?”

నిజంగానే వేయరు. ఆ మ్యాపులో మెట్ల సందుకూ మామూలు వీధికీ గీత ఒక్కటే. మేడం గారు దాన్ని స్కేలుతో కొలిచారే తప్ప కాలితో నడవలేదు.

మర్నాడు విషయం విన్న ముఖ్య ఇంజినీరు గారు తల పట్టుకున్నారు. “ఇవాళ నోరు విప్పారంటే నాలుగేళ్ల పని మూలన పడుతుంది మేడం. ముందు ఓటు పడనివ్వండి, స్టాపు సంగతి తర్వాత చూసుకుందాం.” ఆ భయం నిరాధారం కాదు, ప్రణాళికను తిప్పికొట్టడానికి సభలో కొందరు సాకు కోసమే ఎదురుచూస్తున్నారు. అయినా, మేడం గారు సభలో లేచి నిలబడి, “నాలుగో రూట్లో నేను తప్పు చేశానండీ” అన్నారు.

“ఇంకెన్ని తప్పులున్నాయో!” అన్నారొక సభ్యుడు.

“తెలీదండీ. నెల రోజులు టైమివ్వండి, ప్రతి స్టాపుకీ నడిచొచ్చి చెప్తాను.”

ఓటింగు వాయిదా పడింది. కార్యాలయమంతా చెప్పులరిగేలా నూట నలభై మూడు స్టాపులూ తిరిగింది. ఎప్పుడూ తాళం వేసి ఉండే గేటు ఒకటి, వంతెన లేని కాలువ ఒకటి అదనంగా బయటపడ్డాయి. సవరించిన ప్రణాళిక నెల తర్వాత నెగ్గింది. తప్పులెన్నని అడిగిన ఆ సభ్యుడే అందరికంటే ముందు చెయ్యెత్తారు.

మోకాళ్ల నొప్పులున్న ఒక పెద్దవారిని వెంటబెట్టుకొని నడిచి చూడనిదే ఏ స్టాపు ఫైలూ కదలకూడదన్నది నాటి నుంచీ మా ఆనవాయితీ. జీతం లేని ఈ ఉద్యోగంలో తొలుత చేరినవారు అత్తగారే. కోడలిపై అధికారికంగా ఫిర్యాదు చేసే అవకాశాన్ని వారు చివరిదాకా వదులుకోలేదు. తదనంతర కాలంలో మేడం గారు ఉప ప్రణాళికాధికారిణిగా, ఆపై ప్రధానాధికారిణిగా ఎదిగి, సైకిల్ దారులనూ విశాలమైన కాలిబాటలనూ ఊరికి అందించారు. మాలో ఎవరైనా పొరపాటు ఒప్పుకుంటే వారు ఏనాడూ కసురుకోలేదు. దాచిపెడితే మాత్రం ఫైలు మూసేసి, ఆ స్టాపుకు మళ్లీ నడిచి రమ్మనేవారు. వారు లేని కార్యాలయాన్ని తలచుకుంటే మాకు దిగులుగానే ఉంది.

మేడం గారు నిండు నూరేళ్లు కాళ్లూ కళ్లూ చల్లగా ఉండి, కుటుంబంతో ఊరంతా హాయిగా తిరగాలనీ, మా పొరపాటు ఎక్కడ కంటబడినా మొహమాటపడక మందలించాలనీ కోరుకుంటున్నాం. ఆనాడు సభలో వారు నిలబడినట్టే మేమూ లేచి నిలబడి ‘తప్పు మాదేనండీ’ అనగలిగే ధైర్యాన్ని మాకు ఆశీస్సుగా ఇచ్చి వెళ్లమని ప్రార్థిస్తున్నాం.